అద్దం పక్కన కన్ను

“నాన్నా, ఎడమ చెయ్యి మళ్ళీ తిమ్మిరెక్కుతోందా?” అడిగింది పక్క సీట్లోని కూతురు.

వ్యాన్ నడుపుతున్న తండ్రి ఉలిక్కిపడి, ఎడమవైపు పైన, అద్దం పక్కనున్న కెమెరాను చూశాడు. డ్రైవర్ల ఆవలింతలు పట్టడానికని కంపెనీ పెట్టిన కెమెరా అది. మాటలూ వింటుంది.

“తిమ్మిరా? నాకా? గుర్రంలా ఉన్నాను!” అన్నాడు దానికి వినపడేలా.

“నిన్న గ్లాసు జారవిడిచావట, అమ్మ చెప్పింది.”

“మీ అమ్మకి చూపానదు. కాస్త నోరు మూసుకుంటావా తల్లీ?”

కూతురికి అర్థమైంది. జబ్బని తెలిస్తే కంపెనీ స్టీరింగ్ లాగేసుకుంటుంది.

గోడౌన్ ముందు వ్యాన్ ఆగగానే తండ్రిని దింపి, రోడ్డు అవతలికి లాక్కెళ్ళింది.

“ఇక్కడ మనిద్దరమే ఉన్నాం. ఉన్నదున్నట్టు చెప్పు, ఆసుపత్రికి పోదాం.”

తండ్రి చెప్పబోయాడు. అంతలో ఆయన కళ్ళు వాటంతట అవే ఎడమవైపు పైకి తిరిగాయి. అక్కడ ఖాళీ ఆకాశం తప్ప ఏమీ లేదు.

“నాకేంటమ్మా, గుర్రంలా ఉన్నాను!” అన్నాడు ఆ ఆకాశానికేసి నవ్వుతూ.

కూతురు ఆయన ఎడమ చేతిని తన రెండు చేతుల్లోకి తీసుకుని గట్టిగా నొక్కింది.

ఆయన పైకే చూసి నవ్వుతున్నాడు. చెయ్యి పట్టుకున్న సంగతే ఆయనకు తెలియలేదు.