వరస తప్పని పాటలు

"ఒక్క పాట గూడా పోగూడదబ్బా. వరస గూడా మారగూడదు," అంది లక్ష్మీదేవి, భర్త ఫోను షాబాజ్ చేతికిస్తూ.

హిందూపురంలో షాబాజ్ సెల్ దుకాణానికి మంచి పేరుంది. పగిలిన అద్దాలు, నీళ్లలో పడ్డ ఫోన్లు, మరిచిపోయిన పాస్‌వర్డులు, అన్నీ అతని దగ్గరికే వస్తాయి. పాటల కోసం ధర్మవరం నుంచి రైలెక్కి వచ్చిన మనిషిని మాత్రం అతను ఇదే చూడటం.

సంగతేమిటంటే, ఆమె భర్త దేవప్ప పాటలు వినే యాప్‌ను నెలాఖరుకు మూసేస్తున్నారు. మీ పాటలను వేరే యాప్‌లోకి మార్చుకోండని ఫోనుకు మెసేజ్ వచ్చింది. అది చదవగానే లక్ష్మీదేవి ఫోను పట్టుకుని బయటికి పరుగెత్తింది. ధర్మవరంలో తెలిసినవాళ్లనల్లా అడిగింది. పాటలే కదా, కొత్తవి వినమని తేలిగ్గా చెప్పేశారు. కొత్తవి ఆమె ఏం చేసుకుంటుంది?

పోయిన వేసవిలో దేవప్పకు పక్షవాతం వచ్చింది. మాట పడిపోయింది. కాళ్లూ చేతులూ కదలవు. కళ్లు మాత్రం తిరుగుతాయి. అలవాటైన పాటలు వినిపిస్తూ ఉంటే మెదడు మేలుకోవచ్చని డాక్టరు అన్నాడు. ఆ మాటను లక్ష్మీదేవి గట్టిగా పట్టుకుంది. వాళ్ల వీధిలో అన్నీ ఒకదానికొకటి ఆనుకున్న ఇళ్లు, ఇంటింటా మరమగ్గాలు. సాయంత్రం మగ్గాల చప్పుడు ఆగగానే ఆమె మంచం పక్కన స్పీకరు పెడుతుంది. బాగున్న రోజుల్లో దేవప్ప పాటలు పెట్టే వేళ కూడా అదే.

షాబాజ్ పాత యాపూ కొత్త యాపూ తెరిచి, పాటలను ఇటునుంచి అటు చేరవేసే పని మొదలుపెట్టాడు. ఒక్కో పాట పేరూ పైకి జరుగుతుంటే చూసి నవ్వాడు.

"ఏమక్కా, అన్నీ రచ్చ పాటలే ఉండాయే! మెత్తటి పాట ఒక్కటన్నా లేదే. పడుకున్న మనిషికి ఇంత సౌండు ఏమిటికి? నాలుగు మెలోడీలు కలిపిస్తా ఉండు."

"వద్దబ్బా. మా ఇంటాయనకు ఇవే కావల్ల."

"సరే. ఇవి అయిపోయినాక ఈ యాప్ దాని ఇష్టమొచ్చినవి పెడతాది. ఉండనీనా?"

"అది ఆపెయ్. ఆఖరి పాటతో అయిపోవల్ల."

పాటలు వచ్చేశాయి. మొదటిది విని తల ఊపింది. రెండోదీ సరిగానే ఉంది. మూడోది మొదలైందో లేదో, చెయ్యి అడ్డం పెట్టింది.

"ఇది కాదు."

"పేరు అదే గదక్కా. సినిమా గూడా అదే."

"పేరు అదేలే. పాట ఇది కాదు. దాంట్లో ముందు శానాసేపు డప్పులే ఉంటాయి. గొంతు ఆ తర్వాత లేస్తాది."

ఆమె చెప్పింది నిజమే. అసలు పాటకు బదులు ఎవరో కుదించి చేసిన రీమిక్సు వచ్చి కూర్చుంది.

"ఒక్క పాటే గదక్కా, వదిలెయ్."

లక్ష్మీదేవి కళ్లల్లో నీళ్లు తిరిగాయి. ఆ పాట లేకపోతే ఎలా? మిగతావన్నీ ఉండి ఏం లాభం? ఆమె ముఖం చూసి షాబాజ్‌కు మనసొప్పలేదు. దుకాణానికి వచ్చినవాళ్లను కాస్త ఆగమన్నాడు. వెతగ్గా వెతగ్గా అసలు పాట వేరే ఆల్బంలో దొరికింది. దాన్ని తెచ్చి మూడో చోట పెట్టాడు. డప్పులు వినపడగానే ఆమెకు ప్రాణం లేచొచ్చింది.

"అన్న అదృష్టవంతుడక్కా," అన్నాడు షాబాజ్ ఫోను తిరిగి ఇస్తూ. "నా పెండ్లానికి నా నంబరు గూడా గుర్తుండదు."

లక్ష్మీదేవి నవ్వి, డబ్బులిచ్చి స్టేషనుకు బయల్దేరింది.

తిరుగు రైల్లో కిటికీ పక్కన చోటు దొరికింది. పెనుకొండలో జనం ఎక్కారు, దిగారు. ఉడకబెట్టిన చెనక్కాయలు అమ్ముకుంటూ ఒకామె పెట్టంతా తిరిగింది. లక్ష్మీదేవి ఇవేవీ పట్టించుకోలేదు. ఇయర్‌ఫోన్లు పెట్టుకుని పాటలన్నీ మళ్లీ సరిచూసుకుంది. మూడో పాట వచ్చింది. కొంగు గట్టిగా పట్టుకుని దాన్ని చివరిదాకా వింది.

ఇంటికి చేరేసరికి పక్కింటి సిద్ధమ్మ దేవప్పకు గంజి తాగిస్తోంది. పొద్దుటినుంచీ అతన్ని కనిపెట్టుకుని ఉన్నది ఆవిడే.

"దొరికినాయామే పాటలు?"

"అన్నీ వచ్చినాయత్తా."

"ఏం పుణ్యం చేసుకున్నాడో ఈ దేవప్ప! నువ్వు పాటలు పెడితే సాలు, కంట్లో నీళ్లు కారిపోతాండాయి. చూస్తానే ఉండా గదా. మనిషికి అంతా తెలుస్తాండాది."

"తెలుస్తాండాదత్తా," అంది లక్ష్మీదేవి. "అదే నాకు ధైర్యం."

వీధిలో మగ్గాలు ఒక్కొక్కటే ఆగాయి. సిద్ధమ్మ గిన్నె కడిగి పెట్టి లేచింది.

"సౌండు బాగా పెట్టుకో. మాకేం ఇబ్బంది లేదు. ఇన్నేండ్లుగా అలవాటైందే గదా!" అని నవ్వుకుంటూ వెళ్లిపోయింది.

లక్ష్మీదేవి తలుపేసి గడియ పెట్టింది. పాటలు అందుకున్నాయి. దేవప్ప మూతి తుడిచి, దుప్పటి సర్ది, మంచం పక్కన కూర్చుని కండెలకు పట్టుదారం చుట్టసాగింది. రెండు పాటలు అయ్యాయి. మూడో పాట డప్పులు మొదలయ్యాయి. ఆమె పని పక్కన పెట్టి లేచి నిలబడింది. దేవప్ప కళ్లు ఆమె చేతి మీంచి కదలడం లేదు.

భార్య అరుపులు పక్కింటికి వినపడకుండా ఇన్నేళ్లూ దేవప్ప పెడుతూ వచ్చిన పాటలవి, అతను బెల్టు తీసేది ఎప్పుడూ మూడో పాటకే.