నూట యాభై తొమ్మిది లెక్క

"రాస్కో మనవరాలా. నిదానంగా చెప్తాండా, నిదానంగా రాస్కో. ఒకటో రూలు. మనిషికి... ఒకే... ఓటు."

హంపన్న ఒక్కో మాటకూ ఊపిరి తీసుకుంటుంటే మేఘన పెన్ను పట్టుకుని ఎదురుచూస్తోంది. ఆ సందులో వియ్యంకుడు మాధవప్ప అడ్డు తగిలాడు.

"ఆ రూలు చెల్లదు బావా. టీవీ చూడు."

బళ్ళారి జిల్లా ఎమ్మిగనూరులో హంపన్న ఇంటి నడవలో టీవీ మోగుతోంది. రాష్ట్రపతి ఎన్నిక లెక్కింపు. ఏ రాష్ట్రం ఎవరికెంత వేసిందో చెబుతున్నారు. టీవీ కింద బల్ల మీద ఒక ఇత్తడి చెంబు, ఒక స్టీలు డబ్బా. చెంబులో ఆరు చీటీలు, హంపన్న ఇంటివాళ్ళవి. అంటే కర్ణాటకవి. డబ్బాలో ఐదు, ఉరవకొండ నుంచి మాధవప్ప కారులో వచ్చినవాళ్ళవి. అంటే ఆంధ్రావి. ఏ రాష్ట్రం ఎట్లా వేసిందో విడిగా తెలియాలని రెండు గిన్నెలు పెట్టించింది మాధవప్పే.

ఓటు కొత్తగా పుట్టిన పాప పేరు కోసం. హంపన్న తన తల్లి తుంగమ్మ పేరే పెట్టాలన్నాడు. మాధవప్ప తన తల్లి ఓబులమ్మ పేరన్నాడు. పొద్దున్నుంచి అరిచి అరిచి గొంతులు పోయాక, తామిద్దరూ తప్పుకుని మిగతావాళ్ళ చేత గుట్టుగా చీటీలు వేయించారు. పాప తల్లి సౌభాగ్య మాత్రం "నాకు రెండు పక్కలూ ఒకటే" అని బిడ్డతో లోపల పడుకుంది. పాప తండ్రి, హంపన్న చిన్న కొడుకు కేశవ బళ్ళారిలో బర్త్ సర్టిఫికెట్ కిటికీ ముందు నిలబడి ఉన్నాడు. మీరేం చెబితే ఆ పేరే రాయిస్తా, ఐదుకు మూసేస్తారు అన్నాడు. ఇప్పుడు నాలుగున్నర.

"టీవీలో ఏముండాది?" అన్నాడు హంపన్న.

"ఆంధ్రా ఎమ్మెల్యే ఓటు నూట యాభై తొమ్మిది. మీ కర్ణాటకది నూట ముప్పై ఒకటి. రాష్ట్రపతికే ఆ లెక్కైతే మనింటికి కాదా?"

"ఏమప్పా, మా ఎమ్మెల్యే ఏమన్నా సన్నగుండాడా?"

"జనం లెక్క బావా. డెబ్బై ఒకటో సంవత్సరంలో ఎంచిన తలకాయలు."

మేఘన ఫోన్‌లో లెక్కవేసింది. "మన ఆరు ఓట్లు ఏడువందల ఎనభై ఆరు తాతా. వాళ్ళ ఐదు ఓట్లు ఏడువందల తొంభై ఐదు."

"అంటే?"

"తొమ్మిది ఎక్కువ వాళ్ళకే."

హంపన్న కుర్చీలోంచి లేచాడు. "ఆరు ఐదు కన్నా తక్కువ యాడన్నా అవుతాదా? నా ఇంట్లో కూర్చొని, నా ఉగ్గాణి తిని, నా ఆరుగురిని తగ్గిస్తావా? ఈడ మనిషికొక ఓటే. కాదంటే ఆ చెంబు తీస్కపోయి కాలవలో పారేస్తా!"

వంటింటి గడపలో నిలబడ్డ హంపన్న భార్య హనుమక్క, మాధవప్ప భార్య మొహాలు చూసుకున్నారు. గోడ మీద ఫోటోలోంచి తుంగమ్మ చూస్తోంది. ఆమె పోయి పదేళ్ళైనా, బెల్లం డబ్బా మూత తీసేటప్పుడు హనుమక్క ఇప్పటికీ ఒకసారి వెనక్కి తిరిగి చూస్తుంది.

మాధవప్ప గడియారం చూసి దిగివచ్చాడు. "సరే పో. ఓడేది నేనే అని తెల్సి కూడా ఒప్పుకుంటాండా. సంతకం యాడ?"

"ఈడ, రూలు కింద."

సంతకం పడింది. హంపన్న తృప్తిగా కూర్చున్నాడు. "ఆయ్తు, అయిపాయె. ముందు మన చెంబు విప్పు తల్లీ."

మేఘన మొదటి చీటీ విప్పింది. "ఓబులమ్మ."

"డబ్బాలో చీటీ చెంబులోకి ఎట్లొచ్చె?" అన్నాడు హంపన్న.

"ఓబులమ్మ... ఓబులమ్మ..." ఆరుకు ఆరూ ఓబులమ్మే.

మాధవప్ప తొడ చరిచి నవ్వాడు. "నీ కర్ణాటక మొత్తం నాదే బావా! ఇంక మా డబ్బా విప్పేదెందుకు?"

అయినా మేఘన విప్పింది. "తుంగమ్మ."

నవ్వు ఆగింది. ఐదుకు ఐదూ తుంగమ్మే.

హంపన్న గడప వైపు తిరిగాడు. "ఏమే, నువ్వు గూడానా?"

"నలభై ఏండ్లు ఆయమ్మకు భయపడి బెల్లంముక్క నోట్లో ఏసుకోల్యా" అంది హనుమక్క. "ఇప్పుడు అదే పేరును తొట్లో పండబెట్టి మళ్ళా భయపడల్లా?"

"మా ఓబులమ్మత్త దగ్గర మూడు దినాలుండింటే, నువ్వు తుంగమ్మకే ఏసిందువు వదినా" అంది మాధవప్ప భార్య.

"ఆరు, ఐదు. ఓబులమ్మ గెల్చింది" అంది మేఘన.

మాధవప్ప మీసం సర్దుకున్నాడు. "మావాళ్ళ సంగతి ఊరికి పోయినాక చూస్తా. గెలుపు గెలుపే. లడ్లు కారులో ఉండాయి, తెస్తా" అని బయటికి నడిచాడు.

హంపన్న రూలు రాసిన కాగితాన్ని దగ్గరికి లాక్కున్నాడు.

"మేఘనా... బావ చెప్పిన ఆ నూట యాభై తొమ్మిది లెక్క... ఉండనిచ్చింటే?"

మేఘన ఈసారి ఫోన్ చూడలేదు. "ఓబులమ్మకు ఏడువందల ఎనభై ఆరు. తుంగమ్మకు ఏడువందల తొంభై ఐదు. మీ అమ్మే గెలిచేది తాతా."

వాకిట్లో కారు డిక్కీ తెరిచిన చప్పుడైంది. పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి హంపన్న గబగబా మాట్లాడాడు.

"ఒకటో రూలు కొట్టెయ్! ఆంధ్రా ఓటు నూట యాభై తొమ్మిదని పైన రాయి. కింద బావ సంతకం ఎట్లాగూ ఉండనే ఉండాది. బిరీన ఫోన్ చేసి కేశవకు చదివి వినిపించు!"