కొత్త నీళ్లు

"మంగళవారం వద్దు మే. ఆ దినం జూ తియ్యరు," అన్నాడు మాలకొండయ్య, వలలోంచి తల ఎత్తకుండానే.

రోజారమణి చేతిలో పెన్ను ఆగిపోయింది. చేపలు గుడ్లు పెట్టే కాలమని వేట ఆపిన రోజులు. మైపాడు ఒడ్డున పడవలన్నీ ఇసుకలోకి ఎక్కి నిద్రపోతున్నాయి. సరుగుడు నీడలో కూర్చుని వాళ్లిద్దరూ వారం రోజులుగా మాటల్లోనే మైసూరు వెళుతున్నారు. మొదటిరోజు రాజుగారి కోట. రెండోరోజు పూల అంగళ్లు, ఆమెకో పట్టుచీర. మూడోరోజు జూ, సాయంత్రం కొండ. పెళ్లయిన పదకొండేళ్లలో సముద్రం వినపడని ఊళ్లో వాళ్లు ఒక్క నిద్ర చేసి ఎరగరు.

"నీకెవురు చెప్పినారు మామా?"

"ఎవురో అన్నారులే. బుధవారం అని రాసుకో. కోటలోకి చెప్పులతో పోనియ్యరు. మధ్యాన్నమైతే బండలు కాలతాయి. పొద్దున్నే పోదాం."

ఆమె రాసుకోలేదు. అతను సంతకం తప్ప అక్షరం రాని మనిషి. ఫోనులో చూసి చదివి వినిపించేది తనే. ఫోను కోటను చూపించింది గాని, బండల వేడి చెప్పలేదు. అది అరికాలికి మాత్రమే తెలిసే సంగతి.

ఎండుచేపలు తిరగేసి వస్తున్న అత్త ముసలమ్మ వాళ్ల దగ్గర నిలబడింది.

"సముద్రం చూసేదానికి జనం కార్లేసుకోని మన కాడికి వస్తావుంటే, మీరు యాడికిరా పొయ్యేది?"

"రాజు ఇల్లు చూసొస్తాం మా."

"రాజు లేడంట గదా. ఖాళీ కొంప చూసేదానికి అంత దూరమా?" అని నవ్వి, ముసలమ్మ వల కొస పట్టుకుంది. "కొత్త దారం ఉండ సగమైపాయ. చిరుగు చూస్తే అట్నే ఉండాది. వీడి మనసు యాడ తిరగతా ఉందో ఏమో."

మాలకొండయ్య నవ్వాడు. రోజారమణి నవ్వలేదు. వేట ఆపిన మొదటి వారంలో పడవ ఇంజను పని ఉందని కృష్ణపట్నం పోయి, నాలుగు రోజులకు గాని రాలేదు ఇతను. ఇంజను ఇప్పటికీ దగ్గుతూనే ఉంది.

ఆ మధ్యాహ్నం ఆమె చాప మీద వాలి కళ్లు మూసుకుంది. ఏడాదిగా ఆ కళ్ల వెనుక ఒక మైసూరు కట్టుకుంటోంది. తడి పూల వీధి, కుంకుమ రాశులు, దీపాల్లో తేలే కోట. అందులో ఇద్దరే మనుషులు. ఇవాళ మూడో మనిషి ఉంది. అతనికి నాలుగడుగులు ముందు నడుస్తోంది. ముఖం లేదు, జడలో మల్లెలు మాత్రం ఉన్నాయి. బండలు కాలతాయి చూసుకోమని అతనికి చెబుతోంది. రోజారమణి కేకేసింది. నీళ్లలో వేసిన కేకలా అది ఆమె నోటి దగ్గరే ఆగిపోయింది.

లేచేసరికి వేపమానుకు కట్టిన తాడు మీద బట్టలు ఊగుతున్నాయి. ఆ తాడు ముడి అతను వేసిందే. రెండు మెలికలు, పొడుగ్గా వదిలిన కొస. సముద్రం మీద తేలే ఏ బెండు ఎవరిదో దానికి కట్టిన ముడిని బట్టే పోల్చుకుంటారు. కొత్త చోట వల దించాలంటే మాలకొండయ్య ముందురోజు ఒక్కడే పోయి, లోతు చూసి, గుర్తుకు బెండు కట్టి వస్తాడు. ఆ తర్వాతే తమ్ముణ్ణి వెంటబెట్టుకుని పోతాడు. జాగ్రత్తంతా సముద్రానికే, అనుకుంది ఆమె. నాకు దాపరికం.

"నేను రాను మామా."

అతను ఆమె ముఖంలోకి చూశాడు. తుఫాను ముందు ఆకాశాన్ని అలా చూస్తాడు.

"రా మే," అన్నాడు. "ఒక్కసారి రా."

ఆమె బయలుదేరింది. కోట చూడటానికి కాదు.

మద్రాసులో రైలు మారి, తెల్లారేటప్పటికి మైసూరులో దిగారు. ఆటోవాళ్లు చుట్టుముట్టారు. మాలకొండయ్య ఎవరినీ ఏమీ అడగలేదు. సంచీ భుజాన వేసుకుని ఎడమకు తిరిగాడు. రెండో సందు దగ్గర కుడికి. మలుపు వచ్చినప్పుడల్లా కాస్త వంగి చెప్పు సర్దుకుంటున్నాడు, మళ్లీ నడుస్తున్నాడు. సొంత ఊరి వీధిలో కూడా ఇంత ధైర్యంగా నడవడు.

గాలి చల్లగా ఉంది. ఎక్కడో కాఫీ వాసన. ఆమె కలగన్న ఊరే ఇది, నిజంగా ఆమె కాళ్ల కింద ఉంది. కానీ ఆమె కళ్లు గుమ్మాలను వెతుకుతున్నాయి. ముగ్గేస్తున్న ఒకామె తలెత్తింది. ఈమేనా? ఆమె మళ్లీ ముగ్గులోకి వంగింది. బాల్కనీలో తల దువ్వుకుంటున్న ఇంకొకామె. ఈమేనేమో. అతను ఎవరి వైపూ చూడలేదు.

మూడో మలుపులో రోజారమణి తన చేతిసంచీ కింద పెట్టేసింది.

"ఎవురామె?"

"ఏ ఆమె?"

"నీకీ దారి చూపించినామె. నాకంటే ముందు నీతో ఈ బండల మీద నడిచినామె. పేరు చెప్పు, ఇట్నించి ఇట్నే తిరిగి పోతాను."

మాలకొండయ్య ముఖం పట్టుబడ్డ దొంగ ముఖంలా అయింది. రోడ్డు వైపు చూశాడు, చేతుల వైపు చూసుకున్నాడు.

"ఎవురూ చూపించలా మే," అని గొణిగాడు. ఆనుకుని నిలబడ్డ దీపస్తంభం ముందునుంచి మెల్లిగా పక్కకు జరిగాడు.

ఆ ఇనుప స్తంభానికి, మోకాలెత్తున, ఆకుపచ్చ వల దారం కట్టి ఉంది. రెండు మెలికలు, పొడుగ్గా వదిలిన కొస.