పానం మీద ఒట్టు

“గట్ల కోయించుకునేకన్న సచ్చుడు నయం” అన్నాడు హన్మంతు గోడవైపు తిరిగి.

నాలుగు రోజులుగా ఇదే మాట. డాక్టరు సోమవారం దాకా గడువిచ్చాడు. ఇవాళ శనివారం. ఆపరేషన్ ఒప్పుకోలు కాగితం సంతకం లేకుండా టీవీ పక్కన పడి ఉంది. భార్య శాంత చెప్పి చెప్పి అలసిపోయి, చివరికి కోరుట్లకు ఫోను చేసింది. ఈ మొండి మనిషి ఎవరి మాటైనా వింటాడంటే అది వెంకటి మాటే. ఇద్దరూ మస్కట్‌లో పన్నెండేళ్లు ఒకే గదిలో బతికినవాళ్లు.

వెంకటి రెండు బస్సులు మారి సిరిసిల్లలో దిగాడు. చేతిలో కర్ర. మనిషి సగమయ్యాడు.

“గిదేందన్నా, గిట్లయినవ్?” అంది శాంత.

“షుగర్ అచ్చింది చెల్లె. తిండి తగ్గిచ్చిన.”

కుర్చీ వేస్తే కూర్చోలేదు. “బస్సుల గుంతలకు నడుం వట్టింది, జరసేపు నిలవడ్త” అని కిటికీ ఊచ పట్టుకున్నాడు.

వీధి నిండా పవర్‌లూములు టకటకలాడుతున్నాయి. ఆ చప్పుడులో ఏం మాట్లాడినా పక్కింటికి వినపడదు. అదొక్కటే ఆ వీధిలో ఉన్న సుఖం.

“చెప్పు తమ్మీ. డాక్టర్ ఏమన్నడు?”

“ప్రోస్టేట్ క్యాన్సరంట. ఇంక నడుం బొక్కలకు వోలేదంట. గా మగ హార్మోన్ తోనే పెరుగుతదంట. అందుకని...” హన్మంతు దుప్పటి అంచు నలిపాడు. “రెండు తీసేస్తరంట. అటెన్క రేడియేషన్ కరెంటు వెడ్తరంట.”

“సూదులు లేవా?”

“ఉన్నయ్. మూడు నెలలకొకటి. బతికినన్ని దినాలు, ఒక్కటి గూడ తప్పొద్దంట. బీపీ గోలే సక్కగ యాదుండదు నాకు. ఆపరేషన్ అయితే ఒక్కసారితోని ఒడుస్తదన్నడు.”

“మంచిగైతదన్నడా?”

“మంచిగైతదని అనలె. ఆగుతదన్నడు.”

“మరి ఆగనియ్యరాదు?”

హన్మంతుకు కోపం వచ్చింది. ఏటా వేములవాడ రాజన్నకు కోడెను కట్టి మొక్కు చెల్లించే ఇల్లు అది. “కోడెను గట్టేటోన్ని అన్నా నేను. నన్నే విత్తులు గొట్టి ఎద్దును జేస్తమంటే ఎట్ల?”

అప్పుడే కరెంటు పోయింది. లూములన్నీ ఒక్కసారిగా ఆగాయి. వీధి నిశ్శబ్దమైపోయింది. ఇద్దరూ నోళ్లు మూసుకున్నారు. శాంత చాయ్ తెచ్చింది. వెంకటి గ్లాసు పట్టుకుని నిలబడ్డాడే గానీ తాగలేదు.

పావుగంటకు మళ్లీ టకటక మొదలైంది.

“నేను చేయించుకున్న” అన్నాడు వెంకటి.

“ఏంది?”

“గా ఆపరేషనే. నాది గదే బీమారి. రెండేండ్లాయె. ఎవ్వలకు చెప్పలె.”

హన్మంతు లేచి కూర్చున్నాడు. నొప్పి ఉంటుందా, ఎన్ని రోజులు పడుకోవాలి, గొంతు మారుతుందా. అడగాలనుకుని నాలుగు రోజులుగా మింగినవన్నీ అడిగాడు. వెంకటి తడుముకోకుండా చెప్పాడు. నడుం కింద మొద్దుబారేందుకు ఒక సూది, అరగంట పని, మర్నాడో ఎల్లుండో ఇంటికి. ఆ తర్వాత కొన్ని నెలలు ఒంట్లో వేడి ఆవిర్లు, ఉత్తపుణ్యానికి చెమటలు. అంతే.

“మీసం వోదా?”

“గిదేంది మరి?” వెంకటి తన తెల్లమీసం మెలేశాడు. చాలా రోజులకు శాంత నవ్వింది.

“మరి వదినె...”

ఇక్కడ మాత్రం వెంకటి కాసేపు బయటికి చూశాడు. “‘నువ్వుంటే సాలు, ఇంకేం వద్దు’ అన్నది. ఏడ్సుకుంట అన్నది.”

హన్మంతు మెత్తబడ్డాడు. అంతలోనే అనుమానం వచ్చింది.

“నన్ను ఒప్పియ్యనీకి చెప్తున్నవ్. గీత మీద ఒట్టు వెట్టు.”

గీత వెంకటి ఒక్కగానొక్క బిడ్డ.

“బిడ్డ మీద వెట్ట. నా పానం మీద వెడ్త.” వెంకటి నెత్తి మీద చెయ్యి పెట్టుకున్నాడు. “చేయించుకున్న. నా పానం మీద ఒట్టు.”

హన్మంతు దుప్పటి పక్కకు నెట్టాడు. ప్రాణం మీద అబద్ధపు ఒట్టు పెట్టినవాడు ఏడాది తిరక్కుండా పోతాడని వాళ్ల నమ్మకం. మస్కట్ గదిలో గడియారం పోయినప్పుడు ఈ ఒట్టుకే జడిసి దొంగ తనంతట తానే బయటపడ్డాడు. బతుకు మీద ఆశ ఉన్నవాడెవడూ దాంతో ఆటలాడడు.

“కాగితం తే” అన్నాడు శాంతతో.

సంతకం వంకరగా పడింది. పడింది, అదే చాలనుకుంది శాంత. వంటింట్లోకి పోయి కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది.

వెంకటిని సాగనంపడానికి రోడ్డు దాకా వచ్చింది. “సోమారం దవాఖానకు నువ్వు గూడ రా అన్నా. నువ్వుంటె ఆయినెకు ధైర్యముంటది.”

“సూద్దాం చెల్లె.”

బస్సులో సీట్లు ఖాళీగా ఉన్నా వెంకటి కడ్డీ పట్టుకుని నిలబడే ఉన్నాడు. వేములవాడ వచ్చేసరికి నడుములో పోటు ఓర్వలేనంత అయింది. గుడి వైపు చూసి, ఒక చేత్తోనే దండం పెట్టుకున్నాడు. తర్వాత నొప్పి గోలీ కోసం సంచిలో చెయ్యి పెట్టాడు.

గోలీల అట్టల కింద, రెండేళ్ల కిందటి తేదీతో డాక్టరు తనకిచ్చిన ఆపరేషన్ ఒప్పుకోలు కాగితం నాలుగు మడతల్లో అలాగే ఉంది, సంతకం చోటు ఖాళీగా.