మార్చి మూడు పాట

జాన్ బాషా యాంప్లిఫయరు మీద వెల్లకిలా పడ్డాడు. పెదవి చిట్లి గడ్డం మీదికి నెత్తురు కారింది.

“మళ్ళీ చెప్పు. ఎన్ని చరణాలు?” క్రీస్తుదాసు అతని చొక్కా కాలరు వదల్లేదు.

“మొన్న రేడియోలో రెండన్నారు కదన్నా. అదే నేనూ అన్నా...”

ఈసారి దెబ్బ ముక్కు మీద పడింది.

“రికార్డులో రెండు. పాటలో?”

“మూడన్నా, మూడు!”

అప్పుడు వదిలాడు.

పొదిలి బస్టాండు పక్కన జాన్ బాషా మైకుసెట్ల కొట్టుకు ఇది కొత్త కాదు. చచ్చిపోయిన సంజీవరావు గురించి ఎవరు తప్పు మాట్లాడినా క్రీస్తుదాసు చెయ్యి ఊరుకోదు. పెళ్ళి పందిట్లో పల్లవి తప్పు పాడినవాడికి రెండు పళ్ళు ఊడాయి. వర్ధంతి మార్చి నాలుగని గోడ మీద రాసిన పెయింటరుకు ముంజెయ్యి విరిగింది. స్నేహమంటే ఇదీ అని ఊరంతా అనుకునేది. దెబ్బలు తిన్నవాళ్ళు కూడా ఆ మాటే అనేవాళ్ళు, కాస్త దూరంగా నిలబడి.

సంజీవరావు మిరపకాయలు కోస్తూ ఒక పాట పాడేవాడు. వంత క్రీస్తుదాసుది. ఆ పాట మదరాసులో రికార్డయింది. మూడు నిమిషాల్లో పట్టదని అక్కడివాళ్ళు మూడో చరణం తీసేశారు. పాట మొత్తంలో క్రీస్తుదాసు కట్టింది ఆ ఒక్క చరణమే. రికార్డు మీద పేరు కూడా సంజీవరావుదొక్కటే పడింది. మరుసటి ఏడు, 1983 మార్చి మూడున, సంజీవరావు మిరపతోటలో తల పగిలి పడి ఉన్నాడు. పక్కనే గునపం. చంపిందెవరో పోలీసులకు తేలలేదు. మిరప లారీ వెంట గుంటూరు వెళ్ళిన క్రీస్తుదాసు సాయంత్రానికి వచ్చి శవం మీద పడి ఏడ్చాడు. తానుంటే ప్రాణం అడ్డేసేవాణ్ణన్నాడు. ఆ పని చేసినవాణ్ణి గునపంతోనే పొడుస్తానని అందరి ముందూ ఒట్టు పెట్టుకున్నాడు.

ఇంత గొడవలోనూ రేడియో తన పని తాను చేసుకుపోతోంది. పాటల లోకంలో ఆ తేదీన ఏమేం జరిగాయో చెప్పి, చివర ఒక పాట వేసే కార్యక్రమం అది. ఒక హార్మోనియం విద్వాంసుడి పుట్టినరోజు అయింది. ఒక నాటక పద్యాల రికార్డు బజారుకొచ్చిన రోజూ అయింది.

“నాలుగేళ్ళ క్రితం ఇదే మార్చి మూడున సంజీవరావు గారు ఈ పాట చివరిసారి పాడారు. కోరినవారు, ఆ రోజు తోటలో ఉండి ఆ పాట విన్న శ్రోత.”

పాట మొదలైంది. క్రీస్తుదాసు మొహంలో రంగు పోయింది.

“తోటలో ఉన్నాడా? అయితే చంపినవాణ్ణి చూసుంటాడు! రేడియోకి ఆ కార్డు ఎవడు రాశాడు?”

జాన్ బాషా తల దించుకున్నాడు. చదువురాని వాళ్ళందరికీ కార్డులు రాసిపెట్టేది అతనే.

“ఎవరు రాయించారో చెప్పకూడదన్నా. మాటిచ్చాను.”

రికార్డుల దొంతర నేలకేసి కొట్టాడు క్రీస్తుదాసు. పెంకులు ఏరబోయిన జాన్ బాషా చేతిని చెప్పుకాలితో తొక్కి నలిపాడు. వేళ్ళు పటపటమన్నాయి.

“ఆదెమ్మ!” అని అరిచాడు జాన్ బాషా. “సంజీవన్న వాళ్ళమ్మ! ఆమే రాయించింది!”

ఊరి బయట కళ్ళంలో ఆదెమ్మతో పాటు ఇరవైమంది ఆడవాళ్ళు కర్రలతో ఎండుమిరపకాయలు తిరగేస్తున్నారు. గునపం పట్టుకుని దూసుకొస్తున్న క్రీస్తుదాసుకు వాళ్ళలోంచి కొండమ్మ అడ్డం వెళ్ళింది. ఒక్క తోపు తోశాడు. ఆమె మిరపరాశిలో మొహం బోర్లా పడి, కళ్ళు మండి కేకలు పెట్టింది. అతను వెనక్కి తిరిగి కూడా చూడలేదు.

ఆదెమ్మ కాళ్ళ దగ్గర గునపం దిగింది.

“ఆ శ్రోత ఎవరు పెద్దమ్మా?”

“నేనేరా.”

“నువ్వా? ఆ రోజు నీకు జ్వరమని మంచం దిగలేదుగా!”

“జ్వరంతోనే వాడికి గంజి తీసుకెళ్ళా. గట్టు దిగువనున్నా. కంటికేం కనబడలా. విన్నా అంతే.”

“ఏం విన్నావు?”

“వాడి పాట. ఆ తర్వాత దెబ్బ.”

“కొట్టినవాడి గొంతు?”

“వినబడలేదురా.”

“పేరు పెట్టి పిలవడం, తిట్టడం... ఏమీ?”

“ఏమీ వినబడలా.”

క్రీస్తుదాసు గట్టిగా ఊపిరి వదిలాడు. గునపం మీద చెయ్యి సడలింది. “అయ్యో పెద్దమ్మా, నాలుగేళ్ళు ఇది కడుపులో పెట్టుకుని ఎలా బతికావు? నేను గుంటూరు పోకపోయినా బాగుండేది,” అన్నాడు. కళ్ళనీళ్ళు తుడుచుకున్నాడు.

“నువ్వేం చేస్తావులే నాయనా, ఊళ్ళో లేనివాడివి.”

జాన్ బాషా నలిగిన చెయ్యి గుండెకు ఆనించుకుని, రొప్పుతూ కళ్ళం అంచున వచ్చి నిలబడ్డాడు. కొండమ్మను లేపినవాళ్ళూ, పని ఆపినవాళ్ళూ కర్రలతో ఒక్కొక్కరే దగ్గరికి వచ్చారు. ఆదెమ్మ మాత్రం క్రీస్తుదాసు మొహం మీదినుంచి చూపు తిప్పలేదు.

“పాటైనా పూర్తి కానివ్వలేదురా ఆ పాపిష్టోడు. వాడు రెండో చరణం పాడుతుంటే కొట్టాడు.”

క్రీస్తుదాసు తల అడ్డంగా ఊపాడు.

“రెండోది కాదు పెద్దమ్మా, మూడోది.”