నాలుగో అడుగు

“మళ్లీ నాలుగో అడుగులోనే! కాళ్లా అవి, ఉడికిన నూడుల్సా?”

హేయిన్ నడుం మీద చేయి వేసుకుని భర్తను దబాయించింది. వ్యాయామశాల నేల మీద పక్కపక్కనే అంటించిన రెండు పసుపు టేపుల్లో ఒకటి ఆమెది, రెండోది గ్యుతేది. అతను తూలి, చేతిలోని కాగితం విసనకర్ర టపుక్కున విప్పి, గాలిలో ఈదినట్టు ఊగి, చాప మీద చతికిలబడ్డాడు.

“నవ్వకు. నువ్వు నవ్వితే ఇంకా పడతా.”

హేయిన్‌కి మల్టిపుల్ స్క్లెరోసిస్ అనే నరాల జబ్బు. కాలికి ఒకటి చెబితే అది ఇంకోటి చేస్తుంది. వ్యాయామం మొదలుపెట్టిన మూడో వారం అందరి ముందూ పడిపోయి, ఇక రానని ఏడ్చింది.

“సరే, నేనూ వచ్చి పడతా. ఇద్దరం పడితే సిగ్గు సగమేగా!” అన్నాడు పెళ్లయి నాలుగు నెలలైన మొగుడు. మర్నాటి నుంచి వస్తూనే ఉన్నాడు.

“మడమ వేలికి తగలాలి. చూపు ముందుకి. ఇలా, నన్ను చూసి నేర్చుకో!”

హేయిన్ నడిచి చూపించింది. ఐదు. ఆరు. ఏడు. కిటికీలోంచి పడిన ఎండకి పసుపు గీత నీళ్లలా మెరిసింది. దాని మీద ఆమె తేలిపోతున్నట్టుంది.

వ్యాయామం చేయించే ప్యో మేడం ఆమెను పక్కకి పిలిచింది.

“నీ సంగతి సరేనమ్మా, మీ ఆయన్ని ఎవరికైనా చూపించావా? ఆ తూలడం నాకేం బాగా అనిపించట్లేదు.”

హేయిన్ తువ్వాలు నోటికి అడ్డం పెట్టుకుంది. “చూపిస్తా మేడం,” అంది.

అసలు పరీక్ష ఏటి దగ్గర. పెళ్లికి ముందు ఇద్దరూ రోజూ గెంతుకుంటూ దాటిన, ఏటికి అడ్డంగా వేసిన పదిహేడు రాళ్లు. పంటల పండగ ఛుసక్ లోగా దాటలేకపోతే, ఇక జన్మలో ఆ ఊసెత్తకూడదని హేయిన్ ఒట్టు పెట్టుకుంది.

పండగనాటి పొద్దున ఏటి మీద తెల్లగా పొగమంచు. రాళ్లు మబ్బుల్లో తేలుతున్నాయి. ముందు ఆమె, వెనక అతను.

ఎనిమిదో రాయి మీద ఆమె ఎడమకాలు వణికింది. ఒళ్లంతా బిగుసుకుపోయింది.

“హేయిన్! పడిపోతున్నా!” వెనక నుంచి కేక.

తన కాలి సంగతే మరిచిపోయి ఆమె చెయ్యి వెనక్కి చాచింది. “పట్టుకో! కిందకి చూడకు. నేనున్నాగా!”

తొమ్మిది. పది. పదకొండు. చెయ్యీ చెయ్యీ పట్టుకుని పొగమంచులోంచి నడుస్తూనే ఉన్నారు. పదిహేడో రాయి దాటాక గట్టు మీది తడిగడ్డి ఆమె పాదాలకి చల్లగా తగిలింది.

“చూశావా? నేను లేకపోతే ఏట్లో ఉండేవాడివి!”

“నిజమే గురువుగారూ.”

ఆమె పకపకా నవ్వింది. పట్టుకున్న చెయ్యి మాత్రం వదల్లేదు. “ఇక పద, నీ పనికి వేళయింది.”

పండగ మైదానంలో విసనకర్ర పట్టుకుని తాడు మీద నడవడం గ్యుతే పని.