వైరు కాకుండా

“వైరు వదిలేయడం కాకుండా ఇంకేమైనా ఉందా మేడం?”

తాత మళ్ళీ అదే అడిగాడు. క్లాసంతా గొల్లుమంది.

ప్రభుత్వ సాంకేతిక కళాశాలలో నాలుగో నంబరు షెడ్డు. లిఫ్టు మెకానిక్ కోర్సు. చదవడం, రాయడం వస్తే చాలు, వయసుతో పనిలేదు. అందుకే ముప్ఫైమంది పిల్లల మధ్య అరవై దాటిన తాతకు సీటొచ్చింది. మూడో తరగతితో బడి మానేసిన మనిషి. నోట్సులో ఒక్కో అక్షరాన్నీ ఇటుక పేర్చినట్టు పేరుస్తాడు.

గోడ మీద పాత బ్యాచుల ఫొటోలున్నాయి. అందులో ఒకదాంట్లో, రెండో వరుసలో, తాత కొడుకున్నాడు. తాత ఎప్పుడూ ఆ గోడకు వీపు పెట్టి కూర్చుంటాడు.

మేడం జానెడు ఎర్ర వైరు పైకెత్తి ఓపిగ్గా మళ్ళీ మొదలెట్టింది.

“తలుపు తెరిచుంటే లిఫ్టు కదలకూడదు. అందుకే తలుపు పైన, తెరవగానే కరెంటు ఆపే లాకుంటుంది. మరి తలుపు తెరిచి రిపేరు చేస్తూ లిఫ్టును కదిపి చూడాలంటే? ఈ వైరుతో లాకుకు అడ్డదారి వేస్తాం. పనయ్యాక తీసేస్తాం. తీయడం మరిచామో, తలుపు తెరిచున్నా లిఫ్టు మీదికొచ్చేస్తుంది. అందుకే ఎవరి వైరుకు వాళ్ళు పేరు రాసిన చీటీ కట్టుకోవాలి. నేను చూసిన ప్రమాదాలు ఎక్కువ ఈ వైరు వల్లే, తాతగారూ.”

“ఎక్కువ అన్నారు. మిగతావి?”

“అబ్బ, వచ్చే వారం చెప్తాలెండి!”

పక్క బెంచీ పిల్లకు నోరు ఊరుకోదు. అందరూ దాన్ని స్పానర్ అంటారు.

“తాతా, కళ్ళజోడేమో దారం కట్టి మెడలో వేలాడదీశావ్. దాని పెట్టేమో ఎప్పుడూ జేబులో. ఏం దాచావేంటి అందులో? అవ్వ ఫొటోనా?”

“నీ నోటికి తాళం” అన్నాడు తాత. అతను మాట్లాడేదే తక్కువ.

ఇంట్లో భార్య కుట్టుమిషను పక్కన స్టూలు మీద కూర్చుని ఉంది. మిషను మీద దుప్పటి. రెండేళ్ళుగా అది అలాగే ఉంది.

“ఏమయ్యా, తెలిసిందా?”

“ఇంకా లేదు. వచ్చే వారం చెప్తారంట.”

ఆమె కంచం ముందు కూర్చుంది. నాలుగు మెతుకులు కెలికి లేచిపోయింది.

రెండేళ్ళ కిందట ఓ ఉదయం ఆమె కొడుక్కి ఫోన్ చేసింది. “పనిలో ఉన్నానమ్మా” అన్నాడు వాడు. “ఒక్క నిమిషంరా” అంది. వచ్చేటప్పుడు నీలం గుండీలు డజను తెమ్మంది. ముదురు నీలం కాదు, లేత నీలం. నాలుగు రంధ్రాలవి. రెండుసార్లు చెప్పింది. ఆరు నిమిషాలు. ఫోన్ పెట్టేసి కొడుకు తెరిచిన తలుపులోంచి లోపలికి వంగాడు. పైనున్న లిఫ్టు కదిలింది.

వైరు మరిచిపోయి ఉంటాడని వాడి కంపెనీ రిపోర్టులో రాసింది.

“నేనే మరిపించాను. గుండీల కోసం చంపుకున్నాను” అంది ఆమె.

“నీ ఫోనుకూ దానికీ సంబంధం లేదే” అన్నాడు తాత అప్పట్లో, వందసార్లు.

“లిఫ్టు సంగతి నీకేం తెలుసయ్యా? ఊరికే ఓదార్చకు. తెలిసి చెప్పు.”

ఆమెను మాటలతో మాయ చేయడం ఎవరి తరమూ కాదు. గుడ్డ కొలిచినట్టు మాటనూ కొలిచే మనిషి. రోజురోజుకూ చిక్కిపోతోంది. ఆ చిక్కడం చూడలేకే అతను కాలేజీ మెట్లెక్కాడు.

మరుసటి వారం మేడం ఒక పాత లాకు విప్పి బల్ల మీద పెట్టింది.

“చూడండి. లోపలి రెండు రాగి ముక్కలూ నిప్పురవ్వలకు కరిగి అతుక్కుపోయాయి. తలుపు తెరిచినా, మూసే ఉందనుకుంటుంది లిఫ్టు.”

తాత లేచి నిలబడ్డాడు. “అప్పుడు వైరు లేకున్నా కదులుతుందా?”

“కదులుతుంది.”

“పైకి తెలుస్తుందా?”

“విప్పితేనే తెలిసేది.”

“ఆ లాకు తుక్కులో పడేస్తే?”

“ఇంకెవరు చెప్పగలరు, తాతగారూ?”

ఆ రోజు అతను మూడు పేజీలు రాశాడు. లాకు బొమ్మ నాలుగుసార్లు గీశాడు. స్పానర్ తన పెన్సిలిచ్చి, కిమ్మనకుండా చూస్తూ కూర్చుంది.

ఇంటికొచ్చి భార్య ముందు నోట్సు తెరిచాడు.

“వైరు కాదే. లాకు అతుక్కుపోయింది.”

ఆమె బొమ్మ మీద వేలు పెట్టింది. ఏది రాగి, ఏది ప్లాస్టిక్, తలుపు తెరిస్తే ఏది కదలాలి, ఎందుకు కదల్లేదు — అన్నీ అడిగింది. అతను ఒక్కచోటా తడబడలేదు.

“మరి వాడు చూసుకోలేదా?”

“పైకి కనబడదే. ఎంత జాగ్రత్తగా ఉన్నా అంతే.”

“ఆ లాకేది?”

“మర్నాడే కొత్తది బిగించారంట. పాతది తుక్కులో పోయింది.”

“మరి వైరని ఎందుకు రాశారు?”

“ఏదో ఒకటి రాయాలిగా. ఎవరైనా చూశారా వైరును? ఎవరికైనా దొరికిందా?”

ఆమె బొమ్మ మీద ఇంకోసారి వేలు తిప్పింది.

“దొరకలేదు” అంది.

తర్వాత మొహం కప్పుకుని ఏడ్చింది. రెండేళ్ళలో మొదటిసారి గట్టిగా. ఏడుపు ఆగాక కంచం తెచ్చుకుని కడుపునిండా తింది. లేచి వెళ్ళి మిషను మీది దుప్పటి తీసింది.

లోపలి గదిలో మిషను చప్పుడు మొదలయ్యాక తాత జేబులోంచి కళ్ళజోడు పెట్టె తీసి, ఆ రోజు ఆసుపత్రి వరండాలో కొడుకుతో పనిచేసే కుర్రాడు “లాకుకే ఉంది, నేనే పీకేశాను, ఎవరికీ చెప్పకు బాబాయ్” అంటూ తన గుప్పిట్లో కుక్కిన ఎర్ర వైరునూ, దాని చీటీ మీద కొడుకు చేత్తో రాసుకున్న పేరునూ ఒకసారి చూసి, చప్పుడు కాకుండా మూత పెట్టేశాడు.